రెండు రూపాయలు బాకీ ఉన్న తాతయ్య

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. ఇంటి పెద్దాయన పోయాడు, ఇప్పుడేం చేయాలి అని. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను. మొదటి ఉత్తరం పొడుగ్గానే ఉంది, కోయబుద్ధి కాలేదు.

*ప్రశ్న (తెనాలి):* మేడమ్ గారూ, మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నాలుగు నెలల క్రితం నిద్రలోనే పోయారు. డెబ్భై రెండేళ్లు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, టికెట్ దొరికి వచ్చేసరికి అంతా అయిపోయింది, దహనం వీడియో కాల్‌లోనే చూశాడు. ఇప్పుడు సంవత్సరీకానికి నాన్న మీద ఒక పుస్తకం వేయించి అందరికీ పంచాలని పట్టుబట్టి కూర్చున్నాడు. రాసే పని నా నెత్తిన పెట్టాడు. మొదటి వాక్యం మాత్రం తనే రాసి పంపాడు: 'ఆదర్శ భర్త, ప్రేమమూర్తి అయిన తండ్రి, వాత్సల్య సముద్రుడైన తాత'. తప్పేం లేదు గానీ చదివితే మా నాన్నలా లేదు. నాన్నకి ముక్కు మీద కోపం. అన్నయ్య ఇంటర్ తప్పినప్పుడు ఎనిమిది నెలలు వాడితో మాట్లాడలేదు. అలాంటివి రాయొచ్చా? ఇంకోటి, అమ్మ ముందు నాన్న ఊసెత్తొద్దని చుట్టాలంటున్నారు, ఎత్తితే ఏడుస్తుందట. అమ్మేమో ఇప్పటికీ నాలుగున్నరకి లేచి రెండు గ్లాసుల కాఫీ కలుపుతోంది. మా పాపకి ఆరేళ్లు. తాతయ్య ఊరెళ్లాడని చెప్పాం. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడుతోంది. నాన్న దానితో బస్సాట ఆడేవారు. పాత టికెట్లు ఓ కట్ట దాచుకున్నారు లెండి, అందులోంచి ఒకటి దానికి ఇచ్చి, చిల్లర లేదంటూ వెనక 2 అని రాసి చుట్టూ సున్నా చుట్టేవారు. ఆఖరి టికెట్ అది దాచుకుంది. తాతయ్య వస్తే రెండు రూపాయలివ్వాలి అంటోంది. నాకేం చేయాలో తోచట్లేదు.

*జవాబు:* ముందు పాప సంగతి చూడండమ్మా, పుస్తకం ఎక్కడికీ పోదు. ఈ రోజే, ఇది చదివిన సాయంత్రమే, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని "తాతయ్య చనిపోయాడు" అని చెప్పండి. ఆ మాటే వాడండి. ఊరెళ్లాడంటే రేపు మీ ఆయన క్యాంపుకి వెళ్లినా, మీరు పుట్టింటికి వెళ్లినా అది వణికిపోతుంది. నిద్రపోయాడంటే, మీ నాన్నగారు నిజంగా నిద్రలోనే పోయారు కాబట్టి ఇంకా ప్రమాదం, రాత్రి పడుకోనని ఏడుస్తుంది. చుక్కయ్యాడంటే మబ్బు పట్టిన రోజు ఏం చెబుతారు? గుండె ఆగిపోయింది, ఇక నడవడు, తినడు, ఎక్కడా నొప్పి లేదు, తిరిగి రాడు, ఇంతే. అది మళ్లీ అడుగుతుంది, రేపు అడుగుతుంది, అన్నం మధ్యలో అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, విసుక్కోకుండా. మీకు ఏడుపొస్తే దాని ఎదురుగానే ఏడవండి, పెద్దవాళ్లకీ బాధేస్తుందని తెలియకపోతే తనకొచ్చిన బాధ ఏదో తప్పు అనుకుంటుంది.

ఆ రెండు రూపాయలు మాత్రం మీరెవరూ ఇవ్వకండి. "తాతయ్య పంపించాడు" అని ఏ మావయ్యో నాణెం చేతిలో పెట్టే రకం ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఆయన్ని ముందే ఆపండి. ఆ బాకీ దానిది. ఉండనివ్వండి. ఆ టికెట్ కాగితం మాత్రం పల్చగా ఉంటుంది, పిల్ల చేతి చెమటకి నాలుగు రోజుల్లో పీలికలవుతుంది, దానికి చెప్పి, దాని చేత్తోనే ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి.

ఇక అమ్మగారు. ఏడుస్తుందని ఊసెత్తడం మానేశాం అంటున్నారు, అంటే ఆవిడ ఏడుపు ఆగిపోయిందనా? నాలుగున్నరకి వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఏడుస్తూనే ఉంటారు, మీకు కనబడకుండా. మీరంతా మాట మారుస్తున్నారని ఆవిడకి తెలుసు, ఆ మాత్రం తెలియకుండా ఇన్నేళ్లు కాపురం చేయలేదు. పైగా ఆవిడ మీ కోసం, మీరు ఆవిడ కోసం నోరు మూసుకుంటే, ఆ పెద్దమనిషి పేరు ఆయన సొంతింట్లోనే బూతు మాటైపోతుంది. ఇది నాకు చాలా ఇళ్లలో కనిపించే ముచ్చటే. గోడ మీద ఫొటో, ఫొటోకి గంధపు దండ, దండకి చిన్న ఎర్ర బల్బు, అంతా పెట్టి మనిషి గురించి మాత్రం ఒక్క మాట ఉండదు.

రెండో గ్లాసు కాఫీ ఆపించకండి. రేపు మీరూ నాలుగున్నరకి లేవండి, కష్టమే, అలారం పెట్టుకోండి. వెళ్లి ఆ గ్లాసు తీసుకుని ఎదురుగా కూర్చోండి. "అమ్మా, బాధపడుతున్నావా" అని అడక్కండి, ఆ ప్రశ్నకి ఎవరైనా లేదనే అంటారు. చిన్న ప్రశ్న అడగండి. నైటవుట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున నాన్న గుమ్మంలోకి రాగానే మొదటిమాట ఏమనేవాడు? ఖాకీ చొక్కా ఉతికేముందు జేబులోంచి ఏం తీసేదానివి? నాకు తెలిసిన ఒక కండక్టరు గారి భార్య చెప్పింది, మిషన్లు రాకముందు టికెట్లకి పంచ్ కొట్టే రోజుల్లో జేబుల నిండా చిన్నచిన్న గుండ్రటి కాగితం ముక్కలు రంగురంగులవి ఉండేవట, దులపకుండా నానబెడితే బట్టలన్నిటికీ అంటుకునేవట. ఆయన మీద కోపమొస్తే ఆ ముక్కలన్నీ గుప్పిట పట్టి అన్నం కంచం పక్కన కుప్ప పోసేదట. ఇది చెబుతూ ఆవిడ ఎంత నవ్విందో, తర్వాత అంత ఏడ్చింది. రెండూ ఒకే గ్లాసు కాఫీలో అయిపోయాయి.

అదీ మీ పుస్తకం. మీరు రాయక్కర్లేదు, మీ అమ్మగారు చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి, తర్వాత తీరిగ్గా కాగితం మీద పెట్టుకోవచ్చు.

మీ అన్నయ్య వాక్యం గురించి. పేపర్లలో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనలు నేను వదలకుండా చదువుతాను, వయసు అలాంటిది. అందరూ అజాతశత్రువులే, అందరూ మృదుస్వభావులే, అందరి ఆశయాలూ మనకి ఆదర్శమే. ఏ ఫొటో తీసి ఏ ప్రకటనలో పెట్టినా అతికిపోతుంది. 'వాత్సల్య సముద్రుడు' అంటే మీ నాన్న ఒక్కడే కాదు, తెనాలిలో పోయిన తాతలందరూ అందులో పడతారు. కానీ ఆరేళ్ల పిల్లకి టికెట్ వెనక 2 రాసి సున్నా చుట్టిన తాత ఒక్కడే. కండక్టరు చిల్లర బాకీ టికెట్ వెనక రాయడం మనందరికీ తెలుసు, దిగేటప్పుడు మర్చిపోయి తిట్టుకున్నవాళ్లమే అందరం, అందుకే ఆ ఒక్క సంగతి చదివితే మీ ఊరు తెలియనివాడికి కూడా మీ నాన్న కళ్లముందుకొస్తాడు. అక్కణ్ణించి మొదలెట్టండి.

కోపం రాయొచ్చా అన్నారు. రాయాలి. ఎనిమిది నెలల మౌనం రాయకపోతే ఆ తర్వాత ఏ రోజున, ఏ మాటతో మళ్లీ మాట్లాడాడో అది కూడా రాయలేరు కదా. అదేమిటో నాకు మీ ఉత్తరంలో లేదు, ఇంట్లో అది ఎవరికి తెలుసో తెలుసా? మీ అన్నయ్యకి. ఆ ఒక్క అధ్యాయం వాణ్ణే రాయమనండి. ఇంగ్లీషులో రాస్తాను, టైపింగ్ రాదు అని తప్పించుకుంటే, వాట్సాప్‌లో మాట్లాడి పంపమనండి. పుస్తకం ఊరందరికీ పంచాలన్న ఈ హడావిడంతా చితి దగ్గర నిలబడలేకపోయినవాడి హడావిడి అని నాకనిపిస్తోంది. పాపం, ఏడు సముద్రాల అవతల ఫోన్ తెరలో తండ్రి దహనం చూసినవాడు ఇంకేం చేస్తాడు, ఏదో ఒకటి పెద్దగా చేయాలనే అనుకుంటాడు. వాడితో పోట్లాడకండి. వెయ్యి కాపీలు వద్దు, యాభై చాలని మాత్రం చెప్పండి.

డిపోలో ఆయనతో చేసిన డ్రైవర్లు ఎవరైనా ఉంటే వెళ్లి కలవండి. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లే బస్సుల్లో ఆయన చేసుంటే, ఆ రోజుల్లో పాసుల మీద కాలేజీకి వెళ్లొచ్చినవాళ్లు ఇప్పుడు యాభైల్లో ఉంటారు, ఒక్కరైనా దొరుకుతారు. బస్సు దారిలో ఆపి ఎస్సార్, అదే టికెట్ల లెక్క కాగితం, రాసుకుంటుంటే ఆయన్ని తిట్టుకున్నవాళ్లూ ఉంటారు, వాళ్ల మాటా వేయండి. ఇంట్లో కనిపించే మనిషి వేరు, 'హోల్డాన్' అని అరిచి పరిగెత్తుకొస్తున్న ముసలమ్మ కోసం బండి ఆపించే మనిషి వేరు. ఆ రెండోవాణ్ణి మీరింతవరకు చూసుండరు.

నా సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. మా నాన్న గ్యాస్ బండ మార్చిన ప్రతిసారీ దానిమీద సుద్దముక్కతో తేదీ వేసేవారు, ఎన్ని రోజులొచ్చిందో లెక్క చూసి మా అమ్మతో వాదించడానికి. ఆయన పోయాక ఆయన దస్తూరీ ఉన్న ఖాళీ బండని నేను ఐదు నెలలు తిరిగివ్వలేదు. బండ తెచ్చే అబ్బాయి వచ్చినప్పుడల్లా ఏదో సాకు చెప్పేదాన్ని. ఆరోసారి వాడే చెప్పాడు, "అమ్మా, ఫొటో తీసుకుని ఇచ్చెయ్యండి" అని. తీసుకున్నాను. ఇప్పుడు తేదీ నేను వేస్తున్నాను, వాదించడానికి ఎవరూ లేరు.

*ప్రశ్న (కాకినాడ):* నాకు అరవై ఆరేళ్లు. మా ఆయన మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, పోయి రెండు నెలలు. పదో రోజున మా వాళ్లు నా గాజులూ బొట్టూ తీయించారు, అప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. మంచాన పడినప్పుడు ఆయనే "నువ్వు బొట్టు తీయకు, నాకు బాగుండదు" అన్నారు. ఇప్పుడు పెట్టుకోవాలని ఉంది. కోడలు పెట్టుకోమంటోంది, మా చెల్లెలు మాత్రం ఆయనకి అపచారం అంటోంది. రెండోది, ఆయన ఫోను నెలనెలా రీఛార్జ్ చేయిస్తున్నాను, దండగ అంటున్నారు. అందులో ఆయన వాయిస్ మెసేజీలు ఉన్నాయి. ఆయన పీఎఫ్ పింఛను నాకు వస్తుందా? ఇల్లు ఆయన పేరున ఉంది, పెద్దాడు ఏవో కాగితాల మీద సంతకం పెట్టమంటున్నాడు.

*జవాబు:* పెట్టుకోండమ్మా. ఎవరికి అపచారం? వద్దన్నది చెల్లెలు, పెట్టుకోమన్నది ఆయన. నలభై ఏళ్లు ఆయన మాట విన్నారో లేదో నాకు తెలియదు గానీ ఈ ఒక్కటి వినండి. మీ చెల్లెలు గారు మరీ శాస్త్రం మాట్లాడితే ఇది చెప్పండి: రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, దానికి డబ్బిచ్చి వెనక నిలబడిన పైడా రామకృష్ణయ్య గారు మీ కాకినాడ వారే. నూట నలభై ఏళ్ల కిందటే మీ ఊరి పెద్దమనిషి పెళ్లికే ఖర్చు పెడితే, ఇప్పుడు మనం బొట్టు స్టిక్కర్ దగ్గర ఆగిపోతామా?

ఫోను రీఛార్జ్ ఆపకండి, ఇందులో సెంటిమెంటుతో పాటు లెక్క కూడా ఉంది. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తుంటాయి. మూడు నెలలు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరు మూసేయొచ్చు, తర్వాత అది కొత్తవాళ్లకి వెళ్లిపోతుంది. ఒకరోజు మీరు ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు హలో అంటాడు, ఆ దెబ్బ మీకొద్దు. మరణ ధ్రువపత్రం తీసుకెళ్లి సిమ్ మీ పేరుకో పిల్లల పేరుకో మార్పించుకోండి. ఆ గొంతు మాత్రం ఒక్క ఫోన్లోనే ఉంచకండి. మనవడు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఆ మెసేజీలన్నీ కంప్యూటర్లోకి ఒకటి, పెన్ డ్రైవ్‌లోకి ఒకటి ఎక్కించమనండి. ఫోను నీళ్లలో పడటానికి ముహూర్తం అక్కర్లేదు. ఎక్కించేటప్పుడు వాడు అవన్నీ వింటాడు, అది మంచిదే. "పాలు తీసుకురమ్మంటావా, కవర్ తేలేదు" లాంటి మెసేజి ఉంటే అదే ముందు ఎక్కించమనండి, పుట్టినరోజు శుభాకాంక్షల కంటే అందులోనే ఆయన ఎక్కువ ఉంటాడు.

పింఛను వస్తుంది. పీఎఫ్ వాళ్ల పింఛనులో భార్యకి మామూలుగా ఆయన తీసుకున్నదాంట్లో సగం, నెలకి వెయ్యికి తగ్గకుండా ఇస్తారు. ఆయన పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) కాగితం, మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని పింఛను పడే బ్యాంకులో ముందు అడగండి, అక్కణ్ణించి పీఎఫ్ ఆఫీసు. ఆయన పోయాక కూడా ఆయన ఖాతాలో పింఛను పడుతుంటే తీయకండి, తర్వాత వెనక్కి కట్టమంటారు. మరణం నమోదుకి మామూలు గడువు 21 రోజులు, మీవాళ్లు చేయించే ఉంటారు. ధ్రువపత్రం కాపీలు నాలుగైదు తీసుకోండి, ప్రతిచోటా ఒకటి అడుగుతారు.

సంతకం మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. ఇల్లు ఆయన స్వార్జితమై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమాన వాటాలు, ఆయన తల్లి బతికుంటే ఆవిడకీ ఒకటి. మీ పెద్దాడు మంచివాడే కావచ్చు, కాదని నేననను. ఆ కాగితాలు ముందు ఒక వకీలుకి చూపించండి, ఫీజుకి వెనకాడకండి. మీ చీర కొంగు పట్టుకుని తిరిగినవాడే కదా, రెండు నెలలు ఆగమంటే ఆగుతాడు. ఆగకపోతే అప్పుడు ఇంకా ఎక్కువ ఆలోచించాలి.

*ప్రశ్న (కరీంనగర్ దగ్గర పల్లె):* మేం ఇద్దరం ఆడపిల్లలం, అన్నదమ్ములు లేరు. బాపు చనిపోయి రెండేండ్లు. పోయిన పెత్రమాసకు (పెద్దల అమావాస్యకు) మేం బాపు పేరు మీద బియ్యం ఇస్తామంటే పాలోళ్లు (దాయాదులు) అడ్డం చెప్పిన్రు, పెండ్లయిన బిడ్డలకు హక్కు లేదట. ఈసారి ఏం చెయ్యాలె?

*జవాబు:* ఇవ్వండి. అయ్యగారిని మీరే పిలిపించుకోండి, ఒకాయన రానంటే ఇంకొకాయన వస్తారు, ఎవరూ రాకపోతే ఆకలిగొన్నవాళ్లు ఊళ్లో ఉండకపోరు. బియ్యం, పప్పు, చింతపండు, పాదుకి కాసిన సొరకాయో బీరకాయో, మీ బాపు ఇచ్చినట్టే ఇవ్వండి. పాలోళ్లతో వాదన పెట్టుకోకండి, వాళ్లింటి ముందు నుంచి చాట పట్టుకుని నడవండి, చాలు.

మీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు అదే బాగా గుర్తుండిపోయింది. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, మధ్యాహ్నానికి తువ్వాల్లో గునుగుపూలు మూటగట్టుకుని ఒరాల వెంబడి వచ్చేవాడు బాపు అని. పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ ఒకే రోజు మరి. తన తండ్రికి బియ్యమిచ్చిన చేత్తోనే బిడ్డలకి పూలు తెచ్చిన మనిషి ఆయన. ఈసారి ఇద్దరూ కలిసి పూలకి వెళ్లండి, ఆయన వెళ్లిన ఒరం మీదుగానే. మీ పిల్లల్ని కూడా తీసుకెళ్లి, తంగేడు ఎక్కడ దొరికేదో తాత చూపించినట్టు చూపించండి. బతుకమ్మ పేర్చేటప్పుడు ఆయన గునుగుకి రంగులద్దేవాడా, తెల్లగానే ఉంచేవాడా? మీ ఇద్దరికీ ఒకేలా గుర్తుందో లేదో చూసుకోండి. నాకు తెలిసి ఉండదు.

*ప్రశ్న (విశాఖ, హాస్టల్ నుంచి):* నాకు పంతొమ్మిదేళ్లు. తాతయ్య పోయిన రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు, నేను గేమ్ ఆడుతూ కట్ చేశాను. తర్వాత చేద్దామనుకున్నాను. రాత్రికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఊళ్లో అందరూ ఏడుస్తున్నారు, నాకు ఒక్క చుక్క రాలేదు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే, ఆ సైకిల్ ఇప్పటికీ ఇంటి అరుగు మీదే ఉంది, వెనక చక్రం పంచర్. నేను మంచివాణ్ణి కాదా?

*జవాబు:* నాయనా, ఏడుపు వచ్చేవాళ్లకి మొదటిరోజే వస్తుంది, కొందరికి ఆరు నెలల తర్వాత బస్సులో వెళ్తుంటే, ఏ కారణమూ లేకుండా వస్తుంది. రాకపోయినా నీ ప్రేమకి వచ్చిన లోటు లేదు. ఆ కాల్ కట్ చేసిన సంగతి మాత్రం తేలిగ్గా పోదు, పోతుందని నీకు అబద్ధం చెప్పను. నీ వయసులో నేనూ మా అమ్మమ్మ ఉత్తరానికి జవాబు రాయలేదు. ఒక్కటి ఆలోచించు, నీ ఫోను తీసి ఆయన కాల్స్ వెనక్కి చూడు, ఎన్నున్నాయో లెక్కపెట్టు. నువ్వు ఎత్తినవి ఎన్ని? ఒకటో రెండో నిమిషాలు మాట్లాడి, తిన్నావా, ఎప్పుడొస్తావు అని పెట్టేసినవి. ఆ రోజు మధ్యాహ్నం కూడా ఆయన అడగబోయింది అదే అయ్యుంటుంది. నువ్వు ఎత్తకపోతే క్లాసులో ఉన్నాడులే అనుకుని ఫోను పక్కన పెట్టి ఉంటాడు, తాతలు మనవల తరఫున సాకులు వాళ్లే చెప్పుకుంటారు.

ఈ ఆదివారం ఊరెళ్లు. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని, ఆ కాల్ సంగతి ఆవిడకొక్కదానికీ చెప్పు. తర్వాత ఆ సైకిల్ అరుగు మీదనుంచి దింపు. ట్యూబు ఎండిపోయి ఉంటుంది, ప్యాచ్ నిలవదు, కొత్తది వేయించు. చైనుకి కాస్త ఆయిల్ కూడా.